కంపించే నేల మీద ఏమరని బతుకు

హిమాలయాల పాదాల దగ్గర, నేపాల్ తరాయి మొదలుకొని ఉత్తర బీహార్ మైదానాల దాకా పరచుకున్న నేల మీద కాపురముండే కోట్లాది ప్రజలకు ఒక సంగతి నిశ్చయంగా తెలుసు, దానికి జతగా ఉండవలసిన మరొక సంగతి ఏమాత్రం తెలియదు. పెద్ద భూకంపం మళ్లీ వస్తుందని తెలుసు. ఏ ఏట, ఏ నెలలో, పగటిపూటో రాత్రిపూటో తెలియదు. భారత భూఫలకం, అంటే ఈ ఉపఖండాన్ని మోస్తున్న విశాలమైన రాతి పలక, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతోందనీ, ఆ కదలికలో ఏటా సుమారు 2 సెంటీమీటర్ల మేర హిమాలయ శ్రేణి కిందనే ఇమిడిపోవలసి ఉందనీ, లోతున రాతి పొరలు ఒరుసుకొని బిగుసుకుపోవడం వల్ల ఆ కదలిక ఆగి ఒత్తిడిగా పేరుకుంటుందనీ, బిగువు తెగిన క్షణాన దశాబ్దాల, శతాబ్దాల ఒత్తిడి నిమిషాల వ్యవధిలో ప్రకంపనలుగా బయటపడుతుందనీ భూభౌతిక శాస్త్రం వివరిస్తుంది. 1833లో, 1934లో, 1988లో, 2015లో ఈ ప్రాంతం అలా కంపించింది. ఆ సంవత్సరాల మధ్య ఎడాన్ని చూస్తే ఏ లెక్కకూ అందే క్రమం కనిపించదు.

రావడం ఖాయమై, వేళ తెలియని దాని కోసం కాపు కాయడం ఎలాగన్నది ఇంజనీర్ల చేతికి రాకముందే మతాలనూ తత్త్వచింతననూ వేధించిన ప్రశ్న. మరణం విషయంలో భారతీయ చింతన ఈ ప్రశ్నను ఎన్నో విధాలుగా పరిశీలించింది. అయితే మరణానికీ భూకంపానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మరణాన్ని ఎవరూ తప్పించలేరు. భూకంపం వచ్చినప్పుడు ఎంతమంది మరణిస్తారన్నది మాత్రం చాలావరకు మనుషులు కట్టుకున్న గోడల మీద ఆధారపడుతుంది. అందువల్ల ఇక్కడ కాపు కాయడం వైరాగ్యంతో ముగిసిపోయే పని కాదు. భూకంపం గురించి మనుషులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలలో 'ఎందుకు వచ్చింది' అన్నదీ 'ఎప్పుడు వస్తుంది' అన్నదీ రెండూ నేలకు నోరుందని భావించి దాని చేత ఏదో చెప్పించాలని చూసే ప్రశ్నలు. ధర్మబద్ధమైన కాపుదల మూడో ప్రశ్నతో, అంటే అది వచ్చే వేళకు ఈ ఇల్లు, ఈ ఊరు, ఈ ఇరుగుపొరుగు ఏ స్థితిలో ఉండాలన్న ప్రశ్నతో మొదలవుతుంది. మొదటి రెండు ప్రశ్నల చరిత్రను కొంత వివరంగా పరిశీలిస్తేగాని ఈ మూడో ప్రశ్న బరువు తెలియదు.

1934 భూకంపంలో ధ్వంసమైన ముజఫర్‌పూర్ పట్టణానికి సమీపంలోనే ప్రాచీన వైశాలి ఉంది. పాళీ త్రిపిటకంలోని మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం బుద్ధుడు ఆనందుడికి భూకంప కారణాలను వివరించింది ఆ వైశాలిలోనే. చాపాల చైత్యం దగ్గర బుద్ధుడు తన ఆయుస్సును పొడిగించుకునే సంకల్పాన్ని విడిచిపెట్టగానే భూమి కంపించిందనీ, ఆనందుడు విస్మయంతో కారణమడిగితే ఎనిమిది కారణాలు చెప్పాడనీ ఆ సుత్తంలోని కథనం. మొదటి కారణం పూర్తిగా భౌతికమైనది: భూమి నీటి మీద, నీరు గాలి మీద, గాలి ఆకాశం మీద నిలిచి ఉన్నాయి కాబట్టి మహావాయువులు వీచినప్పుడు నీరు కదులుతుంది, నీటితోపాటు భూమీ కదులుతుంది. రెండోది మహాతపస్సంపన్నుల, దేవతల సంకల్పబలం. తక్కిన ఆరూ బోధిసత్త్వుడు మాతృగర్భంలో ప్రవేశించడం, జన్మించడం, సంబోధి పొందడం, ధర్మచక్రాన్ని ప్రవర్తింపజేయడం, ఆయుస్సును విడవడం, పరినిర్వాణం చెందడం అనే ఘట్టాలకు సంబంధించినవి. ఈ ఎనిమిదిలో ఏ ఒక్కటీ జనం చేసిన పాపానికి శిక్ష కాదన్నది గమనించవలసిన విషయం. ఒక మహాపురుషుడి జీవిత ఘట్టానికి భూమి స్పందించవచ్చు గాని, ఒక ఊరిని దండించడానికి కంపిస్తుందన్న భావన ఆ జాబితాలో లేదు.

6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహిత దగ్గరికి వచ్చేసరికి చిత్రం మారుతుంది. భూకంప లక్షణాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించిన ఆ పండితుడు ముందుగా తన కాలం నాటికి ప్రచారంలో ఉన్న అభిప్రాయాలను నిష్పక్షపాతంగా వరుసపెట్టాడు: జలగర్భంలో నివసించే మహాకాయ ప్రాణుల వల్ల భూమి కదులుతుందని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాలు సేదతీరడం వల్లనని కొందరు, గాలి గాలిని ఢీకొని నేల మీద పడటం వల్లనని కొందరు, అదృష్టం వల్లనని మరికొందరు అన్నారు. ఇక్కడ అదృష్టమంటే కంటికి కనబడకుండా పనిచేసే కర్మఫలం. అటు తర్వాత ఒక గాథ వస్తుంది. రెక్కలున్న పర్వతాలు ఎగురుతూ వాలుతూ తనను కుదిపేస్తున్నాయని భూదేవి బ్రహ్మకు మొరపెట్టుకుంటే ఆయన ఇంద్రుడి వజ్రాయుధంతో ఆ రెక్కలు కోయించాడు. అయినా లోకానికి మంచిచెడులు ముందుగా తెలియజేయడానికి వాయువు, అగ్ని, ఇంద్రుడు, వరుణుడు పగటి, రాత్రి భాగాలలో భూమిని కదిలిస్తూ ఉంటారని చెప్పాడు. దీనిని అనుసరించి నక్షత్రాలను నాలుగు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలంలో వచ్చే కంపానికి ముందు కనిపించే సూచనలనూ తర్వాత కలిగే ఫలితాలనూ ఆ అధ్యాయం వివరిస్తుంది.

దీనిని మూఢనమ్మకమని తోసిపుచ్చడం సులభమే గాని న్యాయం కాదు. ఆకాశపు రంగును, గాలి తీరును, సూర్యకాంతి తగ్గడాన్ని, నక్షత్ర స్థితిని తరతరాలుగా ఓపికగా గమనించి నమోదు చేయాలన్న తపన ఆ పుటల్లో ఉంది. అది కాపు కాసే శాస్త్రమే. కాకపోతే ఆ కాపరి చూపు భూకంపం మోసుకొచ్చే వార్త మీదనే ఉంది. ఏ రాజుకు కీడు, ఏ దేశానికి కరువు, ఏ వర్గానికి వ్యాధి అన్నదే అక్కడ ప్రధానం. కూలిన ఇంటి కింద ఉన్న మనిషి ఆ అధ్యాయంలో కనిపించడు. భూకంపాన్ని సందేశంగా చదవడం మొదలైన తర్వాత దాని బాధితుడు ఆ సందేశం రాసిన కాగితంగా మారిపోతాడు. ఈ ప్రమాదం వరాహమిహిరుడి కాలంతో ముగిసిపోలేదు, ఆయన కంటే ఎన్నో రెట్లు కరుణామయుడైన ఒక ఆధునికుడి విషయంలోనూ అది తలెత్తింది.

1934 జనవరి 15న, మధ్యాహ్నం 2 గంటలు దాటిన కొద్దిసేపటికి, తూర్పు నేపాల్ కేంద్రంగా సుమారు 8 పరిమాణం గల భూకంపం వచ్చింది. నేపాల్, బీహార్‌లలో కలిపి 10 వేలకు పైగా ప్రజలు మరణించారు. కాఠ్మండూ లోయలోని పట్టణాలు, బీహార్‌లో ముంగేరు, ముజఫర్‌పూర్ శిథిలాలయ్యాయి. ఉత్తర బీహార్‌లో సుమారు 300 కిలోమీటర్ల పొడవున్న ఒక పట్టీలో నేల తన గట్టిదనాన్నే కోల్పోయింది. నీటితో నానిన ఇసుక నేల తీవ్రంగా కుదుపుకు గురైనప్పుడు రేణువుల మధ్య పట్టు సడలి, కొంతసేపు అది ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే ద్రవీకరణ అంటారు. ఆ మధ్యాహ్నం పొలాల్లో నేల చీలి నీరూ ఇసుకా ఊటలుగా ఎగజిమ్మాయి, బావులు ఇసుకతో పూడిపోయాయి, ఇళ్లు పక్కకు ఒరిగి నేలలోకి కూరుకుపోయాయి. నేపాలీయులు నేటికీ దీనిని తమ విక్రమ శకపు 1990వ సంవత్సరం పేరుతో 'తొంభయ్యో ఏటి భూకంపం' అనే పిలుచుకుంటారు.

ఆ సమయంలో గాంధీజీ అస్పృశ్యతా నివారణ కోసం దేశమంతటా హరిజన యాత్ర సాగిస్తున్నారు. 1933 నవంబరులో వార్ధా నుంచి మొదలైన ఆ యాత్ర డిసెంబరులో ఆంధ్ర జిల్లాలను చుట్టి, భూకంపం వచ్చే నాటికి ఇంకా దక్షిణానికి సాగింది. జనవరి 24న తిరునల్వేలి సభలో ఆయన బీహార్ విపత్తును ప్రస్తావిస్తూ, అస్పృశ్యత అనే పాపానికి ఈశ్వరుడు విధించిన శిక్షగా దానిని తాను భావించకుండా ఉండలేకపోతున్నానని చెప్పారు. తన హరిజన్ పత్రికలో కూడా ఆ మాటను సమర్థించుకున్నారు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్న సామెతలో సామాన్య హిందువు చెప్పుకునే విశ్వాసమే ఆయన వాదనకు మూలం. భౌతిక జగత్తూ నైతిక జగత్తూ వేరువేరు ప్రభువుల ఏలుబడిలో లేవనీ, రెండింటికీ నియంత ఒక్కడేననీ, ఆ సంబంధాన్ని తాను నిరూపించలేకపోయినా హృదయంలో అనుభవిస్తున్నాననీ ఆయన వివరించారు. ఇతరులను వేలెత్తి చూపడం ఆయన ఉద్దేశం కాదు. ఆ పాపంలో తన వాటాను ముందుగా ఒప్పుకొనే అలవాటున్న మనిషి ఆయన.

ఈ ప్రకటన రవీంద్రనాథ టాగూరును తీవ్రంగా కలతపెట్టింది. అస్పృశ్యతను ఖండించడంలో గాంధీజీతో ఏకీభవించిన ఆయన, ఆ ఖండనకు భూకంపాన్ని సాక్ష్యంగా తీసుకురావడాన్ని మాత్రం అంగీకరించలేదు. ఆయన అభ్యంతరం పత్రికలకు చేరింది, గాంధీజీ దానిని తన సమాధానంతోపాటు 1934 ఫిబ్రవరి 16 నాటి హరిజన్‌లో ప్రచురించారు. టాగూరు వాదంలో రెండు పొరలున్నాయి. మొదటిది విజ్ఞానానికి సంబంధించినది: భౌతిక విపత్తుకు కారణాలు భౌతిక జగత్తులోనే ఉంటాయి, వాటిని నీతిలో వెతకడం మొదలుపెడితే అప్పటికే అహేతుకత రాజ్యమేలుతున్న దేశంలో దానికి మరింత బలం చేకూరుతుంది. రెండోది అంతకన్నా లోతైనది, మతానికి సంబంధించినది: నేరం చేసినవారినీ చేయనివారినీ, పసిపిల్లలనూ, ఆ నేరానికే బలైనవారినీ ఒకే దెబ్బతో చంపి తృప్తిపడే న్యాయాన్ని ఈశ్వరుడికి ఆపాదిస్తే మనిషి తన సాధారణ న్యాయబుద్ధి కంటే తక్కువదైన దానిని పూజిస్తున్నట్టవుతుంది. పైగా ఆ తర్కాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. దేవాలయాలను హరిజనులకు తెరవమన్నందుకే భూమి కంపించిందని సనాతనులు వాదిస్తే వారిని కాదనడానికి ఆధారమేదీ మిగలదు.

ఈ వివాదంలో టాగూరు పక్షమే సరైనదని చెప్పడానికి వెనకాడవలసిన పని లేదు. ఆ మధ్యాహ్నం బీహార్ పల్లెల్లో మరణించినవారిలో అస్పృశ్యులుగా ముద్రపడిన కుటుంబాలూ ఉన్నాయి. అస్పృశ్యతకు శిక్షగా అస్పృశ్యుడే మరణించడాన్ని ఏ ధర్మశాస్త్రమూ సమర్థించలేదు. అయినా గాంధీజీ మాటను ఒక పెద్దమనిషి పొరపాటుగా పక్కన పెట్టేస్తే అందులోని వేదన కూడా పోతుంది. అంతటి విపత్తు జరిగి, జనం శవాలను దహనం చేసి, ఇళ్లు మళ్లీ అలాగే కట్టుకొని, అంటరానితనాన్నీ అలాగే కొనసాగిస్తే ఆ దుఃఖానికి అర్థమేమిటన్నది ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. ఆయన పాపానికి చూపిన చోటు సరైనది కాదు, అంతే. పాపం నేల అడుగున రాతి పొరల్లో లేదు. అది నేల మీద, కూలిన ఇళ్ల నడుమ, సహాయం కోసం నిలబడిన వరుసలో ఉంది. 2001 జనవరి 26న వచ్చిన కచ్ భూకంపం తర్వాత సహాయ శిబిరాలు కులాల వారీగా విడిపోయాయనీ, దళితుల గుడిసెలకు సామగ్రి ఆలస్యంగా చేరిందనీ పత్రికలు రాశాయి. అంటరానితనం భూకంపాన్ని తెప్పించలేదు గాని, భూకంపం తర్వాత ఎవరికి చివరగా నీళ్లు అందాలో నిర్ణయించింది.

కర్మ సిద్ధాంతం పేరుతో ఈ విషయాన్ని సమర్థించాలనుకునేవారికి బౌద్ధ వాఙ్మయంలోనే ఒక హెచ్చరిక ఉంది. మోలియసీవకుడనే పరివ్రాజకుడు మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలితాలేనా అని అడిగినప్పుడు బుద్ధుడు కాదన్నాడని సంయుత్త నికాయం చెబుతుంది. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి సన్నిపాతం, ఋతువుల మార్పు, నడవడిలో అజాగ్రత్త, బయటి నుంచి వచ్చే దెబ్బ కూడా దుఃఖానికి కారణాలవుతాయనీ, కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమేననీ, అన్నింటినీ పూర్వకర్మకే అంటగట్టేవారు ప్రత్యక్షంగా తెలిసినదాన్నే అతిక్రమిస్తున్నారనీ ఆ సమాధానం సారాంశం. ఈ జాబితాలో అజాగ్రత్తకు వేరుగా స్థానం దక్కడం ఈ చర్చకు ఎంతో ముఖ్యం.

ఇక రెండో ప్రశ్న. 'ఎందుకు' అన్నదాన్ని విడిచిపెట్టిన ఆధునికుడు 'ఎప్పుడు' అన్నదాన్ని అంతే ఆతృతతో పట్టుకున్నాడు. 1975 ఫిబ్రవరి 4న చైనాలోని హైచెంగ్ దగ్గర పెద్ద భూకంపానికి ముందు వరుసగా చిన్న కంపనాలు రావడంతో అధికారులు జనాన్ని ఇళ్ల నుంచి బయటికి తరలించారు, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. భూకంపాన్ని ముందే చెప్పగలమన్న ఆశ ప్రపంచమంతటా చిగురించింది. ఏడాదిన్నర గడవకముందే, 1976 జూలై 28 తెల్లవారుజామున, అటువంటి హెచ్చరిక కంపనాలేవీ లేకుండానే తాంగ్‌షాన్ నగరం కూలిపోయింది, అధికారిక లెక్క ప్రకారమే 2 లక్షల 40 వేల మందికి పైగా మరణించారు. ఏ ప్రాంతంలో రానున్న కొన్ని దశాబ్దాలలో ఎంతటి భూకంపం రాగలదో సంభావ్యతగా చెప్పడం నేడు సాధ్యం. ఫలానా తేదీన వస్తుందని చెప్పడం సాధ్యం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియనందువల్లనే ప్రతి పెద్ద భూకంపం తర్వాతా తేదీలు ప్రకటించే జోస్యులకు గిరాకీ పెరుగుతుంది.

వేళ తెలుసుకోవాలన్న కోరిక ఎలా వికటించగలదో ఇటలీలోని లాక్విలా పట్టణం చూపింది. 2009 తొలి నెలల్లో అక్కడ చిన్న చిన్న కంపనాలు ఆగకుండా వచ్చాయి. కంపం వచ్చిన రాత్రి ఇల్లు విడిచి బయట ఆరుబయలులో గడపడం ఆ ప్రాంతపు పాత అలవాటు. భయపడవలసింది ఏమీ లేదని అధికారికంగా భరోసా వెలువడిన తర్వాత కొన్ని కుటుంబాలు ఆ అలవాటును పక్కన పెట్టి ఇళ్లలోనే నిద్రపోయాయి. ఏప్రిల్ 6 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో 300 మందికి పైగా మరణించారు. భరోసా ఇచ్చినందుకు ఆరుగురు శాస్త్రజ్ఞులకూ ఒక అధికారికీ 2012లో జైలుశిక్ష పడింది, 2014లో పైకోర్టు శాస్త్రజ్ఞులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. న్యాయస్థానాల తీర్పుల మంచిచెడులు ఎలా ఉన్నా, తాత్త్వికంగా ఆ ఉదంతం తెలియజెప్పేది ఒకటుంది. రేపు వస్తుందని చెప్పడం ఎంత అసాధ్యమో రేపు రాదని చెప్పడమూ అంతే అసాధ్యం. కానీ మొదటిదాన్ని మూఢత్వమనుకునే సమాజం రెండోదాన్ని శాస్త్రవాక్యంగా స్వీకరించింది. తెలియనిదాన్ని తెలియనిదిగానే మనసులో నిలుపుకోవడం మనిషికి చాలా కష్టం. ఆరుబయట పడుకునే ముసలివాళ్ల అలవాటులో ఆ కష్టాన్ని భరించిన వివేకం ఉంది.

హెచ్చరిక యంత్రాంగాల విలువను ఇది తగ్గించదు. భూకంపం మొదలైన చోటు నుంచి వేగంగా ప్రయాణించే బలహీనమైన ప్రాథమిక తరంగాలను పసిగట్టి, వాటి వెనుక నెమ్మదిగా వచ్చే విధ్వంసక తరంగాలు చేరేలోపు కొన్ని సెకన్ల ముందు హెచ్చరించే ఏర్పాటు జపాన్‌లో 2007 నుంచి ప్రజలందరికీ అందుబాటులో ఉంది. రూర్కీ ఐఐటీ సహకారంతో ఉత్తరాఖండ్‌లో 2021లో అటువంటి మొబైల్ యాప్ ప్రారంభమైంది. ఆ కొద్ది సెకన్లలో పొయ్యి ఆర్పవచ్చు, రైలు ఆపవచ్చు, బల్ల కింద దూరవచ్చు. అయితే బరువైన మట్టి, ఇటుక గోడల మధ్య ఉన్నవారికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి ఎంత సూక్ష్మమైన కాపలా పెట్టినా ప్రశ్న మళ్లీ గోడ దగ్గరికే వస్తుంది.

మహాపరినిబ్బాన సుత్తంలో భూకంప కారణాల వివరణ తర్వాత, కుశినగరంలో బుద్ధుడి తుది బోధ వస్తుంది. కూడికవల్ల ఏర్పడినవన్నీ చెదిరిపోయేవే కాబట్టి అప్రమాదంతో, అంటే ఏమరుపాటు లేకుండా, చేయవలసినది చేయమన్నది ఆ బోధ తాత్పర్యం. ఒకే గ్రంథంలో ఉన్న ఈ రెండింటినీ కలిపి చదవడం ఆచారంలో లేకపోయినా, కంపించే నేల మీద బతికేవారికి అవి కలిపి చదవవలసినవే. కూడికవల్ల ఏర్పడినవాటిలో ఇల్లు ఒకటి. ఇటుక, సున్నం, కలప, ఇనుము కలిసి నిలిచిన కూడిక అది. అది చెదిరిపోయేదేనన్న ఎరుక రెండు దారులు తీయవచ్చు. చెదిరిపోయేదానికి శ్రమ ఎందుకన్న నిర్లిప్తత ఒకటి. చెదిరే తీరును ముందే తలచుకొని, చెదిరినా లోపలివారు బతికి బయటపడేలా కట్టాలన్న శ్రద్ధ మరొకటి. బుద్ధుడు అనిత్యత చెప్పిన వెంటనే శ్రద్ధను చెప్పాడు, నిర్లిప్తతను కాదు. ఈ శ్రద్ధకు భయంతో పోలిక లేదు. భయం రాత్రంతా మేలుకొని నేల చప్పుడు వింటుంది. శ్రద్ధ పగలు పని చేసి రాత్రి నిద్రపోతుంది.

భారతదేశంలో ఈ శ్రద్ధకు గొప్ప ఉదాహరణ గాంధీ, టాగూరుల వివాదానికి ఏడాది ముందుదే. 1931లో బలూచిస్తాన్‌లోని మాచ్ దగ్గర భూకంపం వచ్చిన తర్వాత, ఎస్.ఎల్. కుమార్ అనే యువ రైల్వే ఇంజనీరు క్వెట్టాలో కుదుపును తట్టుకునే ఇళ్లను రూపొందించాడు. ఇటుక గోడలకు ఇనుమును జోడించి, పక్కకు లాగే బలాన్ని లెక్కగట్టి కట్టిన ఆ పద్ధతిని వివరిస్తూ 1933లో ఆయన ప్రచురించిన పత్రంలో, దేశంలో ఏ ప్రాంతానికి భూకంప ప్రమాదం ఎంతో చూపే పటం కూడా ఉంది. 1935 మే 31 తెల్లవారుజామున క్వెట్టా నగరం సర్వనాశనమై వేలాది ప్రజలు మరణించినప్పుడు ఆ రైల్వే ఇళ్లు నిలిచాయి. ఆ భూకంపం ఎందుకు వచ్చిందో, ఎప్పుడు వస్తుందో ఆయన చెప్పలేదు, చెప్పబోలేదు. మతగ్రంథాల చర్చల్లో ఆయన పేరు ఎక్కడా కనిపించకపోవడం ఒక లోటు, ఎందుకంటే అప్రమాదమనే గుణానికి ఆధునిక భారతంలో ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం వెతకడం కష్టం.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఇనుము కొనగలవాడికి ఇది సరే, మట్టితో గోడ పెట్టుకునే పేదవాడికి దైవం తప్ప దిక్కేది? ఈ ఆక్షేపణలో సగం నిజం. మహాభారతం అనుశాసన పర్వంలో యుధిష్ఠిరుడు దైవం గొప్పదా, పురుషప్రయత్నం గొప్పదా అని భీష్ముణ్ని అడిగినప్పుడు, ప్రయత్నం పొలమైతే దైవం విత్తనమనీ, రెండూ కలిస్తేనే పంట అనీ వచ్చిన సమాధానం ప్రసిద్ధం. పొలమే లేనివాడి సంగతి ఆ ఉపమానంలో లేదు. పేదవాడి గోడ ఎలా ఉండాలన్నది అతడి ఒక్కడి పురుషకారానికి వదలగలిగిన విషయం కాదు, అది పాలకుల ధర్మం, పొరుగువారి ధర్మం. మిగిలిన సగం మాత్రం నిజం కాదు. హిమాచల్‌లో రాతి వరుసల మధ్య అడ్డంగా దూలాలు పేర్చే కాఠ్‌కుణీ గోడలూ, కశ్మీరులో కలప చట్రంలో ఇటుక నింపే ధజ్జీ దేవారీ ఇళ్లూ గ్రామీణ వడ్రంగులు, మేస్త్రీలు అనుభవంతో సాధించినవే. గోడల చుట్టూ కిటికీల పైఎత్తున అడ్డంగా ఒక పట్టీని బిగించి మూలలను కలిపి కట్టడం వల్ల గోడలు విడివిడిగా బయటికి పడిపోకుండా ఒక పెట్టెలా కలిసి కదులుతాయి. కలపతోనో, వెదురుతోనో, కాంక్రీటుతోనో వేసే ఆ ఒక్క పట్టీ ఎన్నో ప్రాణాలను కాపాడుతుంది.

శ్రద్ధ తరాల మీదుగా నిలవడం మరో కష్టం. కాఠ్మండూలోని ధరహరా గోపురం 1934లో కూలింది, తిరిగి కట్టారు, 2015 ఏప్రిల్ 25న మళ్లీ కూలి సందర్శకులను బలి తీసుకుంది. ఆ రెండు తేదీల మధ్య 81 ఏళ్లు, అంటే మొదటిదాన్ని కళ్లారా చూసినవారు దాదాపు అందరూ గతించేటంత కాలం. ఒక తరం నేర్చుకున్నది తరువాతి తరానికి చేరాలంటే దానికి పండుగ వంటి ఆవృత్తి కావాలని నేపాల్ గుర్తించింది. తొంభయ్యో ఏటి భూకంపం వచ్చిన మాఘ 2వ తేదీని అక్కడ ఏటా భూకంప భద్రతా దినంగా జరుపుతారు. మతాలకు బాగా తెలిసిన విద్య ఇది. తిథిని పట్టి మృతులను తలచుకునే సమాజానికి, ఆ తిథినాడే తన గోడల పగుళ్లను పరీక్షించుకోవడం అలవాటు కావడం అసాధ్యమేమీ కాదు. 2015లో భూకంపం శనివారం పగలు, బడులకు సెలవైన వేళ వచ్చింది. కూలిన వేలాది తరగతి గదులు ఖాళీగా ఉన్నాయి. తల్లిదండ్రులు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు, చెప్పుకోవలసినదే. కాని వారంలో తక్కిన ఆరు రోజులను ఆ కృతజ్ఞత కాపాడలేదు. అంతకు ముందే కాఠ్మండూ లోయలో కొన్ని బడి భవనాలను బలోపేతం చేసే పని జరిగింది, అవి కుదుపుకు నిలిచాయి.

ఇది హిమాలయ ప్రాంతీయుల సమస్యేనని దక్కను పీఠభూమి మీద నివసించేవారు అనుకోవడానికి వీలు లేదు. 1969లో భద్రాచలం ప్రాంతమూ, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమూ కంపించాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకొని జనం గాఢనిద్రలో ఉండగా, మరాఠ్వాడాలోని కిల్లారిలో వేలాది ప్రజలు తమ ఇళ్ల కిందనే సమాధి అయ్యారు. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అన్నింటికన్నా తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉంది. వారిని చంపినవి మట్టి అడుసుతో పేర్చిన మందపాటి బండరాతి గోడలు. అటువంటి గోడలున్న ఇళ్లు తెలంగాణ పల్లెల్లోనూ ఇంకా ఉన్నాయి.

వరాహమిహిరుడి బృహత్సంహితలోనే, భూకంప సూచనల అధ్యాయానికి దూరంగా, గృహనిర్మాణాన్ని చెప్పే మరొక అధ్యాయం ఉంది. ఇల్లు కట్టబోయే స్థలం నడుమ మూరెడు లోతు గొయ్యి తవ్వి, తీసిన మట్టినే తిరిగి నింపి చూడమని అక్కడ చెబుతాడు: మట్టి మిగిలితే నేల మంచిది, సరిపోతే మధ్యమం, చాలకపోతే పనికిరాదు. లేదా గోతిని నీటితో నింపి నూరడుగులు నడిచి తిరిగి వచ్చి, నీరు తగ్గకుండా ఉన్నదీ లేనిదీ చూడమంటాడు. నేల బిగువును, నీరు ఇంకే తీరును తెలుసుకునే ఈ పరీక్షలు ద్రవీకరణను పూర్తిగా పట్టుకోలేవు. నేడు ఇంజనీర్లు అనేక మీటర్ల లోతు వరకు బోరు వేసి, పొర పొరకూ మట్టి గట్టిదనాన్ని కొలుస్తారు. కాని గొయ్యి దగ్గర వంగి చూస్తున్న ఆ వరాహమిహిరుడు నక్షత్ర మండలాల వైపు చూసే వరాహమిహిరుడి కంటే సరైన ప్రశ్న అడుగుతున్నాడు. భూమిపూజకు ముహూర్తం పెట్టే పురోహితుడూ, పునాది తీసే తాపీ మేస్త్రీ, అప్పు ఇచ్చే బ్యాంకూ, అనుమతి ఇచ్చే పంచాయతీ కలిసి ఆ ప్రశ్నను పూజావిధిలో ఒక అంగంగా చేర్చవచ్చు: మట్టిని పరీక్షించారా, మూలలకు పట్టీ వేస్తున్నారా అని అడిగిన తర్వాతే కొబ్బరికాయ కొట్టించవచ్చు. వాస్తుశాస్త్రం పేరుతో ద్వారం దిక్కు మార్చడానికి లక్షలు ఖర్చు పెట్టే ఇళ్లలో ఆ పట్టీకి అయ్యే ఖర్చు భారం కాబోదు. అది కూడా భారమయ్యే ఇళ్లలో ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే ఇక తేలవలసినది. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల అంచనాల్లో ఆ పట్టీకి ఒక పద్దు రాయడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.